తనూజ మోకాలికి భువన నడక

తొంభై అయిదు కిలోల బార్‌ను ఛాతీ మీదికి లాక్కుని కిందికి కూర్చున్న పతివాడ తనూజ మళ్ళీ పైకి లేవలేదు.

అందరికంటే ముందు అది చూసింది మీసాల భువన. తన వంతు కోసం అరచేతులకు సుద్దపొడి రాసుకుంటూ పక్కనే నిలబడి ఉంది. తనూజ బార్‌ను ముందుకు వదిలేసింది. అది రబ్బరు పరుపు మీద పడి రెండుసార్లు ఎగిరి ఆగింది. తనూజ మాత్రం కూర్చున్నచోటే పక్కకి ఒరిగిపోయింది. కుడికాలు మడిచింది మడిచినట్టే ఉండిపోయింది.

"మాస్టారూ, మోకాలు పట్టేసింది. చాపితే రాట్లేదు" అంది పళ్ళు బిగించి.

గొర్లె అప్పలసూరి మాస్టారు పరుగున వచ్చి ఆ కాలిని ఒళ్ళో పెట్టుకున్నాడు. ఒకప్పుడు తాను బరువులెత్తిన మనిషి. ఇప్పుడు చినకొండపేటలో ఒక రేకుల షెడ్డు వేసి ఊరి ఆడపిల్లల చేత ఎత్తిస్తున్నాడు. ఆ షెడ్డులో ఇరవై మంది సాధన చేస్తున్నా, విజయనగరం జిల్లా దాటి పేరు వినిపించేది ఇద్దరిదే. ఇద్దరికీ పదిహేడేళ్ళు. ఇద్దరూ యాభై తొమ్మిది కిలోల విభాగం. నాలుగేళ్ళలో పదకొండు పోటీల్లో ఎదురుపడ్డారు. పదకొండుసార్లూ తనూజే గెలిచింది. ఒకసారి రెండు కిలోల తేడాతో, ఒకసారి ఒక్క కిలోతో.

అందుకే ఆ క్షణంలో, జాలికంటే ముందు, భువన మనసులో మరో మాట మెదిలింది. 'ఈసారి నేనే.' మెదిలిన మరుక్షణం సిగ్గుతో చెవులు వేడెక్కాయి. గబగబా వెళ్ళి తనూజ తలకింద తన తువ్వాలు మడిచి పెట్టింది.

మోకాలు పావుగంటకి టక్కుమని వదిలింది. కానీ వాపు తగ్గలేదు. విజయనగరంలో తీసిన స్కాన్ చూసి అక్కడి డాక్టరు విశాఖపట్నం వెళ్ళమన్నాడు. ఎండాడ కొండవాలులో ఉన్న కీళ్ళ పరిశోధనశాలకి మాస్టారు, తనూజ, వాళ్ళమ్మ సన్యాసమ్మ బయల్దేరారు. బస్సు ఎక్కీ దిగీ చేయడానికి తనూజకి ఆనుకునే భుజం కావాలి. సన్యాసమ్మ పొట్టి మనిషి. సరిగ్గా సరిపోయే ఎత్తున్నది భువనే.

డాక్టర్ ఇందుమతి యాభై దాటిన సన్నటి మనిషి. స్కాన్‌ను గోడమీది తెరకెక్కించి, తొడ ఎముక చివర నల్లగా కనిపిస్తున్న రూపాయి బిళ్ళంత మచ్చని వేలితో చూపించింది.

"ఎముక చివర నున్నటి పొర ఉంటుంది. మీరు గుజ్జు అంటారే, అదే. దానికింద ఇంత ముక్కకి నెత్తురు అందడం ఆగిపోయింది. తారురోడ్డు కింద మట్టి కుంగితే పైన తారు బీటలు వారదూ? అలా. ఎదిగే వయసులో పెద్ద బరువులెత్తే పిల్లల్లో, ఎగిరి దూకే పిల్లల్లో వస్తుంది."

"విశ్రాంతిస్తే తగ్గదా అమ్మా?" అన్నాడు మాస్టారు.

"ఇంకా ఎదుగుతున్న చిన్నపిల్లలైతే ఆరు నెలలు ఆట మానిపిస్తే చాలాసార్లు తగ్గుతుంది. ఈ అమ్మాయి ఎదుగుదల అయిపోయింది, పైగా ముక్క ఊడింది. రంధ్రాలు చేసి నెత్తురు రప్పించవచ్చు, పిన్నులతో బిగించవచ్చు, వేరేచోటు నుంచి పొర తెచ్చి అతకవచ్చు. అన్నీ మంచి వైద్యాలే. చాలామంది పిల్లలు మళ్ళీ ఆడుతున్నారు కూడా. కానీ ఈమె ముక్క పగిలి పొడైంది. అతికిస్తే నడుస్తుంది, చదువుకుంటుంది, హాయిగా బతుకుతుంది. వంద కిలోలతో కింద కూర్చుని లేవడం మాత్రం..." డాక్టరు తల అడ్డంగా ఊపింది.

తనూజ తెరవైపు చూస్తూ అడిగింది. "ఇంకేటీ లేదా మేడమ్?"

"ఉంది. మనుషుల మీద ఇంతవరకూ చేయలేదు."

ఆమె వాళ్ళని లోపలికి తీసుకెళ్ళి ఒక సూక్ష్మదర్శినిలో చూడమంది. భువన కూడా చూసింది. సబ్బుబుడగల్లాంటి గుండ్రటి కణాలు. పక్కన డాక్టరు ఒక మీట నొక్కగానే వాటిమీద ఒత్తిడి పడి, అన్నీ ఒక్కసారి పచ్చగా వెలిగాయి.

"తనూజ మోకాలి నుంచి కందిగింజంత పొర తీసి, సముద్రపు నాచుతో చేసిన జావలో ఇలాంటి కణాలు పెంచుతాను. ఆ జావతో గుంట పూడ్చుతాను. ఒత్తిడి పడితేనే అవి గట్టిపడి గుజ్జుగా మారతాయి. యంత్రంతో ఒత్తాం. మూడు రోజులు వెలిగి ఆరిపోయాయి, పనికిరాని పీచు మిగిలింది. మనిషి నడకని రికార్డు చేసి ఆ ఒత్తిడి ఇచ్చాం. తొమ్మిది రోజులు. తర్వాత అవి దాన్ని గుర్తుపట్టి ఆరిపోయాయి." డాక్టరు నవ్వింది. "బతికున్న మనిషి అప్పటికప్పుడు వేస్తున్న అడుగు కావాలి వాటికి. ఏ అడుగూ ముందుదానిలా ఉండదు కదా. మేకల్లో జతలు కట్టాం. ఒకటి నడిచింది, పడుకున్నదాని కాలికి ఆ అడుగుల ఒత్తిడిని యంత్రం అందించింది. ఆరు జతల్లో అయిదు గెలిచాయి."

"మరి దీనికి జత?" అంది సన్యాసమ్మ.

"ఇంతే బరువు, ఇంతే కాలిపొడుగు, ఇదే వయసు అమ్మాయి కావాలి. నలభై రెండు రోజులు, రోజుకి అయిదు గంటలు నడవాలి. ఆ రోజుల్లో బరువు ముట్టకూడదు, పరుగెత్తకూడదు, కుంటకూడదు. ఆమె ఎలా అడుగేస్తే ఈ మోకాలు అలా తయారవుతుంది."

ఆ మాట అంటున్నప్పుడు డాక్టరు చూపు పక్కపక్కన నిలబడ్డ ఇద్దరు పిల్లల భుజాల మీద ఒక్క లిప్త ఆగింది. ఏమీ అనలేదు. తనూజ కూడా భువన వైపు చూడలేదు. రాష్ట్ర జట్టు ఎంపిక పోటీలు మూడు నెలల్లో ఉన్నాయని ఆ గదిలో అందరికీ తెలుసు.

*

తొమ్మిది రోజులు గడిచాయి. తనూజ పెదనాన్న కూతుళ్ళని, కాలేజీ స్నేహితురాళ్ళని, షెడ్డులో పిల్లల్ని కొలిచారు. ఎనిమిది మందిలో ఒక్కరూ కుదరలేదు. ఒకరి తొడ పొట్టి, ఒకరి బరువు తక్కువ. భువనని ఎవరూ అడగలేదు. అడగకపోవడమే ఆమెకి గుచ్చుకుంటోంది.

ఊళ్ళో మాత్రం మాటలు సాగుతున్నాయి. కుళాయి దగ్గర ఒకామె భువన తల్లి పైడమ్మతో అననే అంది. "ఈసారి నీ కూతురికి అడ్డేటున్నాది? ఎల్లడం, తేవడం, అంతే."

పదో రోజు పొద్దున భువన తొంభై ఏడు కిలోలు ఎత్తింది. అంత బరువు ఆమె ఎప్పుడూ ఎత్తలేదు. షెడ్డులో పిల్లలు చప్పట్లు కొట్టారు. మాస్టారు వీపు తట్టాడు. భువన పక్కకి తిరిగి చూసింది. ఇలాంటప్పుడు తనూజ మాట్లాడకుండా వచ్చి, బార్‌కి ఇంకో కిలో తగిలించి, సుద్దపొడి రాసుకునేది. ఆ చోటు ఖాళీగా ఉంది. నాలుగేళ్ళుగా తాను ఎత్తిన ప్రతి కిలో ఆ ఒక్క కిలోని అందుకోవడానికే ఎత్తిందని భువనకి అప్పుడు తెలిసింది. ఖాళీచోటుని ఓడించి తెచ్చే పతకం ఎలా ఉంటుందో ఊహించుకోబోతే ఏమీ కనిపించలేదు.

ఇంటికెళ్ళి తల్లికి చెప్పింది. పైడమ్మ జీడిపిక్కల బట్టీలో పని. పిక్కల నుంచి కారే జీడికి నల్లబడ్డ వేళ్ళని నూనెతో రుద్దుకుంటూ వింది.

"నీకేటి మతిగాని పోనాదేటే? నాలుగేళ్ళ కష్టం ఒగ్గీసి, ఆ తనూజ గుంట కోసం నడుస్తావా?"

"దాని కోసం కాదమ్మా. అది లేని పోటీలో గెలిస్తే నేను గెలిచినట్టు నాకే అనిపించదు."

"అది లెగిసి మళ్ళీ నిన్ను ఓడిస్తే?"

భువన తల్లి పక్కన కూర్చుంది. "ఓడించనీ. అప్పుడేడుస్తాను."

పైడమ్మ నూనె గిన్నె పక్కకి జరిపి, "బట్టలు సర్దుకో. నడిచే మనిషికి చెప్పులు బాగుండాల. మీ నాన్న తెచ్చిన కొత్తవి పట్టుకెల్లు" అంది.

పరిశోధనశాలలో కొలిచారు. తొడ పొడుగులో మూడు మిల్లీమీటర్లు తేడా. బరువులో నాలుగు వందల గ్రాములు. డాక్టర్ ఇందుమతి టేపు చుడుతూ, "మొదటి రోజే చూశాను. అడిగే హక్కు నాకు లేదనుకున్నాను" అంది.

వార్త విన్న తనూజ మంచం మీద లేచి కూర్చుంది. కృతజ్ఞతలేమీ చెప్పలేదు.

"ఎందుకే?" అంది.

"నువ్వు లేకపోతే ఎంత ఎత్తాలో నాకు తెలీట్లేదు" అంది భువన.

*

కణాలు పెరగడానికి పది రోజులు పట్టింది. శస్త్రచికిత్స అయిన అయిదోనాడు నడక మొదలైంది. భువన కుడికాలికి తుంటి నుంచి మడమ దాకా సన్నటి తొడుగు వేశారు. లోపల వందల కొద్దీ సెన్సర్లు. పక్క గదిలో తనూజ కాలిని ఊయల లాంటి ఒక యంత్రంలో పడుకోబెట్టారు. భువన మొదటి అడుగు వేసింది. అద్దం అవతల తనూజ మోకాలు మెల్లగా ఒత్తుకుని వదులైంది. భువన ఆగింది. అదీ ఆగింది.

"నొప్పెడతందా?" అని అరిచింది భువన.

"లేదు. ఎవరో లోపల్నించి తడుతున్నట్టున్నాది. నడు నడు" అంది తనూజ.

నలభై మీటర్ల వరండా. ఆ చివర కిటికీ, ఈ చివర గడియారం. పొద్దున మూడు గంటలు, మధ్యాహ్నం రెండు. వారం తిరిగేసరికి స్కాన్‌లో జావ అంచులు గట్టిపడడం కనిపించింది. రెండో వారానికి పూడ్చిన గుంటలో సగం తెల్లగా తేరింది. ల్యాబులో పనిచేసే వాళ్ళంతా వరండా గుమ్మంలో నిలబడి భువనకి చప్పట్లు కొట్టారు.

ఇరవై మూడో రోజు తెలుపు ఆగిపోయింది. ఇరవై నాలుగో రోజూ అంతే. ఇరవై అయిదో రోజు స్కాన్ తీసి డాక్టరు కుర్చీలో కూలబడింది. ఒక అంచున పీచు కనిపిస్తోంది.

"శుక్రవారం దాకా చూస్తాను. మారకపోతే జావ మొత్తం తీసేయాలి. అప్పుడు గుంట మునుపటికంటే పెద్దదవుతుంది. పాత వైద్యాలు కూడా కష్టమే" అంది. "నేను తొందరపడ్డానేమో. మేకలతో ఇంకో ఏడాది ఆగాల్సింది."

సన్యాసమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నా పిల్ల కుంటిదైపోద్దా అమ్మా?" అనడిగింది.

భువన గుమ్మం దగ్గర నిలబడి ఉంది. అరికాళ్ళు మండుతున్నాయి. లోపలికి రావాలా వద్దా అని తటపటాయించి, వచ్చేసింది.

"డాక్టరమ్మా, ఒక మాట చెప్పమంటారా? నాకు చదువు తెలీదు, ఇంటరే. ఈ వరండాలో నడిచి నడిచి, ఇప్పుడు నిద్రలో నడిచినట్టు నడుస్తున్నాను. ఎక్కడ తిరగాలో, ఎన్ని అడుగులో కాళ్ళే చూసుకుంటున్నాయి. నాకే విసుగొచ్చేసింది. వాటికి రాదేటి?"

డాక్టర్ ఇందుమతి తలెత్తింది. కంప్యూటర్ దగ్గరికెళ్ళి మొదటి రోజు గీతని, నిన్నటి గీతని పక్కపక్కన పెట్టింది. మొదటి రోజుది ఎగుడుదిగుడుగా, ఒక్కో అడుగూ ఒక్కోలా ఉంది. నిన్నటిది అచ్చు వేసినట్టుంది. ఇరవై రోజుల సాధనతో భువన నడక రికార్డులా మారిపోయింది.

"ఇన్నాళ్ళూ ఇది చూసి, ఎంత నిలకడగా నడుస్తోందో అని మురిసిపోయాను" అంది డాక్టరు నుదురు కొట్టుకుంటూ. "మేకల్ని కొండమీదికి తోలేవాళ్ళం. అవి వరండాలో నడవలేదు."

"నన్ను ఇంటికి పంపండి. మా ఊళ్ళో రెండడుగులు ఒక్కలా పడవు" అంది భువన.

తొడుగు నుంచి వచ్చే సమాచారాన్ని ఫోను ద్వారా పంపే ఏర్పాటు ఒక్క పూటలో చేశారు. మర్నాడు పొద్దున్న మొదటి బస్సుకి భువన చినకొండపేటలో దిగింది.

*

ఆమె వరిగట్ల మీద నడిచింది. జీడితోటలో ఎండుటాకుల మీద నడిచింది. చంపావతి ఏటి ఇసుకలోకి దిగి, మోకాలిలోతు నీళ్ళు దాటి, అవతలి గట్టెక్కింది. శనివారం సంతలో జనాన్ని తప్పించుకుంటూ, టమాటాల గుట్టల మధ్య నడిచింది. తల్లి వెంట బట్టీకి, రాళ్ళబాటలో కొండ మీదికి, తిరిగి దిగువకి.

అరవై కిలోమీటర్ల అవతల విశాఖలో తనూజ మంచం మీద ఫోను చెవి దగ్గర పెట్టుకుని పడుకుంది. రెండో రోజుకే ఆమెకి ఆట దొరికింది.

"ఇప్పుడు ఇసుక. కాదేటి?"

"అవును. ఎలా తెలిసింది?"

"మెత్తగా కుంగి, ఆలస్యంగా లెగుస్తాది. ఇదిగో, ఇప్పుడేదో ఎక్కుతున్నావు."

"గట్టు."

"ఇదేటే, ఎగిరావా? ఎగరకూడదన్నారు!"

"పేడ దాటాను. ఎగరలేదు."

తనూజ పగలబడి నవ్వడం భువన నాలుగేళ్ళలో మొదటిసారి వింది. షెడ్డులో వాళ్ళు ఎప్పుడూ కిలోల గురించి తప్ప మాట్లాడుకోలేదు. ఇప్పుడు రోజుకి అయిదు గంటలు మాట్లాడుకున్నారు. తనూజకి లెక్కలంటే భయమని, పోటీ ముందు వాంతి వస్తుందని భువనకి తెలిసింది. తనకీ వస్తుందని భువన చెప్పింది.

ఇరవై తొమ్మిదో రోజు స్కాన్ తీశారు. తెలుపు మళ్ళీ కదిలింది. డాక్టర్ ఇందుమతి ఫోనులో "వెలుగుతున్నాయమ్మా, వెలుగుతున్నాయి" అని అరిచింది.

ముప్పై మూడో రోజు జీడితోటలో భువన అరికాలిలో కంపముల్లు దిగింది. చెప్పుని చీల్చుకుని లోపలికి పోయింది. కుంటకూడదు. ఆమె పెదవి కొరుక్కుని తర్వాతి అడుగు సరిగ్గానే వేసింది. పది అడుగులు. ఇరవై.

"ఆగు" అంది తనూజ ఫోనులో. "ఏటయింది?"

"ఏం లేదు."

"అబద్ధం. అడుగు బరువు తప్పింది. కూకో. ముందు కూకో."

"ఇంకా గంటన్నర ఉన్నాది."

"నా మోకాలు నేను చూసుకుంతాను. నీ కాలు నువ్వు చూసుకో. కూకోవే!"

భువన జీడిచెట్టు కింద కూర్చుని ముల్లు లాగింది. ఆ పూట, మర్నాడు డాక్టరు సెలవిచ్చింది. ఆ తర్వాత కట్టుకట్టిన కాలితో మిగతా ఎనిమిది రోజులూ నడిచేసింది.

*

నలభై రెండో రోజున తెరమీద గుంట లేదు. రూపాయి బిళ్ళంత మచ్చ ఉన్నచోట తెల్లటి నున్నటి పొర. డాక్టర్ ఇందుమతి దాన్ని చాలాసేపు చూసి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. కర్రల సాయంతో మొదలుపెట్టి, మరో రెండు వారాలకి తనూజ చేతిలో ఏమీ లేకుండా వరండాలో నడిచింది.

ఆ చివరిదాకా వెళ్ళి తిరిగొచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. సన్యాసమ్మ మాత్రం కొట్టలేదు.

"ఓలమ్మో, ఇదేటి? నా గుంట పైడమ్మ కూతురిలా నడుస్తన్నాది!"

నిజమే. కుడిపాదం కొంచెం బయటికి తిరిగి, మడమ ముందు ఆని, తుంటి లేశమాత్రం ఊగుతూ. అది భువన నడక. మొదట అందరూ నవ్వారు. తనూజ కూడా నవ్వింది. తర్వాత తన పాత పద్ధతిలో పాదం తిన్నగా పెట్టి కూర్చోబోయింది. మోకాలు ఒప్పుకోలేదు. పాదం బయటికి తిప్పితేనే సాఫీగా మడతపడింది.

"మేకల్లో కూడా ఇలా జరిగింది" అంది డాక్టరు నెమ్మదిగా. "పడుకున్న మేక లేచాక నడిచిన మేకలా నడిచేది. వింతగా ఉందని నవ్వుకున్నాం. అది నీకెంత పెద్ద విషయమో ఆలోచించి ముందే చెప్పాల్సింది. చెప్పలేదు. తప్పు నాదే."

పదేళ్ళ వయసు నుంచి నేర్చుకున్న కూర్చోవడం, లాగడం, లేవడం అన్నీ తనూజకి పనికిరాకుండా పోయాయి. "కాలు బాగయ్యింది, కాని నాది కాదు" అని గోడవైపు తిరిగి పడుకుంది. భువన ఫోను చేస్తే రెండు రోజులు ఎత్తలేదు.

ఎంపిక పోటీలకి అప్పటికి నాలుగు రోజులే ఉంది. రెండు వారాల నుంచి మళ్ళీ బార్ పట్టినా భువన ఒంట్లో పాత బలం రాలేదు. కాళ్ళు నడకకి అలవాటుపడి తేలికయ్యాయి. పోటీలో తొంభై ఒకటి ఎత్తింది. తొంభై నాలుగుకి రెండుసార్లు ప్రయత్నించి వదిలేసింది. నాలుగో స్థానం. కర్నూలు అమ్మాయి ఒకతె తొంభై ఆరుతో రాష్ట్ర జట్టులోకి వెళ్ళింది. తొంభై ఆరు! షెడ్డులో తాను ఎత్తినదానికి ఒక కిలో తక్కువ. ముల్లు దిగిన కాలు కూడా అంత నొప్పి పెట్టలేదు.

బస్సులో ఏడవలేదు. ఇంట్లో పైడమ్మ రాగిపిండితో చోడి అంబలి కలిపి చేతికిచ్చినప్పుడు ఏడ్చింది. పైడమ్మ 'చెప్పానా' అనలేదు. గిన్నె ఖాళీ అయ్యేదాకా పక్కనే కూర్చుని, వీపు మీద చెయ్యి వేసి ఉంచింది.

మర్నాడు పొద్దున భువన షెడ్డుకి వెళ్ళేసరికి తనూజ అక్కడ ఉంది. చేతిలో పిల్లలు ఎత్తే చెక్క బార్.

"తొంభై ఒకటేనంట" అంది.

"ఊఁ."

"నా వల్లే." భువన ఏదో చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టింది. "ఊరుకో. నేనిక్కడికి సారీ చెప్పడానికి రాలేదు. ఈ మోకాలు ఎలా కూర్చుంటాదో నాకు తెలీదు. నీకు తెలుసు. నేర్పు."

*

ఆ ఏడాదంతా భువన తన కాళ్ళు చేసే పనిని మాటల్లో పెట్టడం నేర్చుకుంది. అంతకుముందు ఎప్పుడూ దాని గురించి ఆలోచించలేదు. "మడమ మీద కూర్చో. వేళ్ళ మీదికి పోకు. మోకాలు బయటికి తోసి, అప్పుడు లెగు." చెప్పాలంటే ముందు తాను గమనించాలి. గమనిస్తే తన తప్పులే బయటపడ్డాయి. లేచేటప్పుడు నడుం ముందుకు వంచేస్తోందని, ఎడమ భుజం ఆలస్యంగా తిరుగుతోందని. వాటిని సరిచేసుకుంది. తనూజకి లాగడంలో ఉన్న వేగం తనకి లేదు. అది తనూజ నేర్పింది. మాస్టారు చాలారోజులు వాళ్ళిద్దరికీ ఏమీ చెప్పకుండా బల్లమీద కూర్చుని చూసేవాడు.

తనూజ చెక్క బార్‌తో మొదలై ఇరవైకి, నలభైకి, డెబ్భైకి వచ్చింది. మూడు నెలలకోసారి స్కాన్. తెల్లటి పొర అలాగే ఉంది. తొంభై దాటినరోజు డాక్టర్ ఇందుమతి స్వయంగా ఊరికొచ్చి, షెడ్డు గుమ్మంలో నిలబడి చూసింది. వెళ్తూ మాస్టారితో, "ల్యాబులో ఇంకో పదకొండు మంది పిల్లలు ఎదురుచూస్తున్నారు. కబడ్డీ, హైజంప్, జిమ్నాస్టిక్స్. ఈసారి నడక గురించి ముందే చెబుతున్నాను. ఏ నడక కావాలో వాళ్ళనే ఎంచుకోమంటున్నాను" అంది.

మరుసటేడు రాష్ట్ర పోటీలు రాజమండ్రిలో జరిగాయి. మొదటి ఇద్దరికీ జాతీయ పోటీల్లో చోటు. యాభై తొమ్మిది కిలోల విభాగంలో ఒకే ఊపున తలపైకెత్తే స్నాచ్ అయ్యేసరికి ఇద్దరూ డెబ్భై ఎనిమిదితో సమానంగా ఉన్నారు. కర్నూలు అమ్మాయి మూడు కిలోలు వెనక.

ముందు ఛాతీకి, అక్కణ్ణుంచి తలపైకి ఎత్తే క్లీన్ అండ్ జర్క్‌లో భువన మూడో ప్రయత్నానికి నూట అయిదు వేయించింది. వేదిక మీదికెళ్ళి బార్ పట్టుకుంది. లాగింది. కింద కూర్చుంది. లేచింది. ఊపిరి బిగించి తలపైకి తోసింది. చేతులు నిటారుగా నిలిచాయి. మూడు తెల్లదీపాలు వెలిగాయి. పైడమ్మ గ్యాలరీలో ఈల వేసింది. ఆమెకి ఈల వేయడం వచ్చని భువనకి అప్పటిదాకా తెలియదు.

అప్పటికి నూట నాలుగు ఎత్తిన తనూజకి ఒక్క ప్రయత్నం మిగిలింది. గెలవాలంటే నూట ఆరు. మరో మాట లేకుండా నూట ఆరే అడిగింది.

భువన వేదిక పక్కన నిలబడింది. మెడలో తువ్వాలు. ఆ బార్ పడిపోతే తనకి బంగారం. తనూజ లాగింది. బార్ ఛాతీ మీదికొచ్చింది. ఆమె పూర్తిగా కిందికి కూర్చుంది. నూట ఆరు కిలోల కింద, కుడిపాదం కొంచెం బయటికి తిరిగి. అక్కడ ఆగింది. ఒక క్షణం. రెండు. ఆ మోకాలి మీద తాను వేసిన అడుగులన్నీ, ఇసుక, గట్టు, రాళ్ళబాట, అన్నీ ఇప్పుడు ఆ బరువు కింద ఉన్నాయి. గ్యాలరీలో డాక్టర్ ఇందుమతి లేచి నిలబడి ఉంది. రెండు చేతులూ నోటి మీద.

"లెగు!" అని అరిచింది భువన. తాను అరుస్తున్నట్టు కూడా ఆమెకి తెలియలేదు. "మోకాలు బయటికి తొయ్! లెగవే!"

తనూజ లేచింది. వణికి, తడబడి, మళ్ళీ పట్టుకుని, నిటారుగా నిలబడింది. హాలంతా అరుపులు. భువన గాల్లోకి ఎగిరింది.

తనూజ ఊపిరి తీసుకుని బార్‌ను తలపైకి తోసింది. ఎడమ మోచెయ్యి సగంలో మడతపడింది. బార్ ముందుకి జారి ధడేలుమని కిందపడింది. ఎర్రదీపాలు.

ఒక్క కిలో. ఈసారి గెలిచింది భువన.

డాక్టర్ ఇందుమతి మెట్లు దిగి పరుగున వచ్చింది. వేదిక పక్కన కూర్చున్న తనూజ ముందు మోకాళ్ళ మీద కూలబడి, ఆ కుడి మోకాలిని రెండు చేతులతో పట్టుకుంది. "నొప్పా? లోపల ఏమైనా అయిందా?"

"దానికేటీ అవలేదు డాక్టరమ్మా. అది భువనది, అందుకే లెగిసింది" అంది తనూజ రొప్పుతూ. కళ్ళల్లో నీళ్ళు, ముఖం నిండా నవ్వు. "చేతులే నావి. అవే మోసం చేసినాయి."

భువన వచ్చి ఆమె పక్కన చతికిలబడింది. ఇద్దరి ఒళ్ళూ చెమటతో తడిసి ముద్దయ్యాయి. పతకాలకి పేర్లు పిలుస్తున్నారు. ఇద్దరూ కదల్లేదు.

"వచ్చే నెలలో జాతీయ పోటీలు" అంది తనూజ. "నేను నూట ఏడు ఎత్తుతాను."

"ఎత్తు" అంది భువన. "నేను నూట ఎనిమిది వేయిస్తాను."